పంటకాపు తుపాకికి తేలిక తూటా
(రైతుల సభలో చదివిన ప్రసంగ పాఠము)



నేను వ్యవసాయ శాస్త్రము చదివినవాడను కాను, వేటగాడనును కాను. మెట్రిక్యులేషను వరకు చదివి, రివెన్యూ శాఖలో కాగితములను ఒక భాషనుండి మరియొక భాషలోనికి తర్జుమా చేయుచు జీవించువాడను. తుపాకి లైసెన్సులకై వచ్చు దరఖాస్తులు, లైసెన్సుల షరతులు, తూటాల పెట్టెలపై అచ్చువేసిన సూచనలు ఎన్నియో నా బల్లమీదికి వచ్చినవి. వానిని తెలుగు చేయుచుండగా నాకు తెలియవచ్చిన సంగతి యొకటి కలదు. పంటకాపునకై తుపాకి నుంచుకొన్న పట్టాదారులలో పెక్కుమంది అంగడికి పోయి "గట్టి తూటా ఇమ్ము" అని మాత్రమే అడుగుదురు. పెట్టెపై నున్న అంకెలను చూడరు.

తూటాలు సులభముగా దొరకు దినములలో ఈ అలవాటువలన కొంత డబ్బు మాత్రమే వృథా యగును. ధర పెరిగి సరకు కరవైనప్పుడు అట్లు కాదు. దొరికినదే చాలునని ఏ తూటానైనను తెచ్చి తుపాకిలో పెట్టుదుము. అందువలన తుపాకికిని, దానిని పట్టిన చేతికిని, పొరుగుచేనిలోని మనిషికిని గూడ ముప్పు కలుగును. కావున నేడు నేను చెప్పదలచిన దొక్కటే: తుపాకికి అమరి, పని నెరవేర్చగలిగిన తూటాలలో మిక్కిలి తేలికయైనదే మంచి తూటా.

మా మేనమామ అనుభవము

నా బాల్యమున మా మేనమామకు జంటగొట్టముల పాత విలాయతి తుపాకి యొకటి యుండెను. అది ఆయన తండ్రిగారినాటిది. జొన్న పాలుపోసుకొను దినములలో ఆయన మంచెపై కూర్చుండి, ఒడిసెల త్రిప్పియు, డబ్బా వాయించియు పిట్టలను తోలుచు, అవి లొంగనప్పుడు మాత్రమే ఒక తూటా కాల్చెడివాడు. ఒక సంవత్సరము ఆయనకు అలవాటైన తూటాలు దొరకలేదు. అంగడివాడు వేరొక రకము నిచ్చి, ఇది మరింత గట్టిదనియు, ధర కొంచెము ఎక్కువైనను పదింతలు పనిచేయుననియు చెప్పెను. తూటా తుపాకిలో సునాయాసముగా దిగెను. కనుక మామ సందేహింపలేదు.

మొదటి నాలుగు తూటాలకు భుజము కమిలినది. తరువాత కుందా మెడవద్ద పగులు కనబడెను. ఆయన దానికి రాగితీగ చుట్టి మరల కాల్చెను. ఆరవ తూటాకో ఏడవ తూటాకో కుడిగొట్టము తూటా గదికి ముందుభాగమున చీలెను. ఎడమచేతి బొటనవ్రేలి కొన పోయినది. ఒక చెవి వినబడకుండ పోయినది. ఆ తరువాత ఆయన మంచెమీద కూర్చుండినను పిట్టలు ఏవైపున వ్రాలినవో చెవితో గుర్తింపలేక, ఎవరినైన పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనెడివాడు. అట్లు కూర్చున్న పిల్లవాడను పెక్కు దినములు నేనే.

పెట్టెపై నున్న అంకెల యర్థము నాకు తెలిసినది చాల ఏండ్ల తరువాత, నా యుద్యోగమునందు. ఆ తుపాకి గది 65 మిల్లీమీటర్లది. ఆ తూటా 70 మిల్లీమీటర్లది. ఈ సంగతి చెప్పువాడు నాడు మా యూరిలో ఒక్కడైన ఉండియుండిన, మామ వ్రేలును చెవియు నిలిచియుండెడివి.

ధర యేల పెరిగినది?

తూటాలో ఐదు వస్తువులు కలవు: డొల్ల, అడుగున టోపీ, మందు, మందుకును రవకును నడుమ బిరడా, రవ. రవ సీసముతో చేయబడును. మందు విషయము మీకు వింతగా తోచవచ్చును. అది మీ చేనినుండియే పుట్టునది. జిన్నింగు మిల్లులో దూది తీసిన పిదప పత్తిగింజను అంటుకొని సన్నని నూగు మిగులును. నూనెమిల్లులలో గింజ నాడించుటకు ముందు దానిని గీచి తీయుదురు. ఈ నూగునే రసాయనములతో మార్చి పొగలేని మందును చేయుదురు. 1884లో ఫ్రాన్సు దేశమున పాల్ వియేయ్ అను నాతడు తుపాకులకు పనికివచ్చు ఇట్టి మందును సిద్ధపరచెను. నేటి పొగలేని మందులలో పెక్కింటికి ఈ పదార్థమే మూలము.

ఫిరంగి గుండ్లను విసరు మందునకును మూలము ఇదియే. కనుక ఎక్కడ పెద్ద యుద్ధము జరిగినను రైతు తూటాకు కరవు వచ్చును. 1939 మొదలు 1945 వరకు జరిగిన యుద్ధమున కర్మాగారములు సైన్యమునకే పనిచేసినవి. 2020లో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు అమెరికాలో తుపాకులు, తూటాలు కొనువారు విపరీతముగా పెరిగి అచ్చట అంగళ్లు ఖాళీ యయ్యెను. 2022 ఫిబ్రవరిలో రష్యా యుక్రేనుపై దండెత్తిన పిదప ఐరోపా దేశములలో ఫిరంగి మందునకు గిరాకి హెచ్చి, వేట తూటాల మందునకు కొరత యేర్పడినది. మన దేశమున 12 బోరు తూటాలు చిరకాలముగా పూనా సమీపమందలి ఖడ్కీ కర్మాగారములో తయారగుచున్నవి. 1869లో స్థాపింపబడిన ఆ కర్మాగారము 2021 అక్టోబరు 1వ తేదీనుండి మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్ అను ప్రభుత్వ సంస్థ క్రింద నున్నది. దాని ముఖ్యమైన పని సైన్యమునకు సరఫరా చేయుట. రైతు వంతు దాని తరువాతిది.

ఈ కారణములలో నొక్కటియు మన చేతిలో లేదు. మన చేతిలో నున్నది ఎన్నిక మాత్రమే.

పెట్టెపై నున్న అంకెలు

మొదటి అంకె బోరు. తుపాకిగొట్టములో సరిగా పట్టు సీసపు గుండ్లు పండ్రెండు కలిసి ఒక పౌను తూగినచో అది 12 బోరు. ఇరువది గుండ్లు తూగినచో 20 బోరు. అనగా అంకె పెరిగినకొలది గొట్టము సన్ననగును.

రెండవ అంకె డొల్ల పొడవు. సామాన్యముగా 65, 67, 70 మిల్లీమీటర్లని యుండును. పాత తుపాకులపై రెండున్నర అంగుళములని చెక్కియుండిన, అది 65 మిల్లీమీటర్లకు సరి. ఇచ్చట ఒక మోసమున్నది. ఈ పొడవు కాల్చిన తరువాత ముందుభాగము విచ్చుకొన్న డొల్ల పొడవు. కాల్చకముందు ఆ భాగము లోపలికి మడవబడి యుండుటచే తూటా పొట్టిగా నుండును. అందుచే 70 మిల్లీమీటర్ల తూటా 65 మిల్లీమీటర్ల గదిలో ఏ యడ్డంకియు లేకుండ దిగును. కాల్చినప్పుడు మడత విచ్చుకొనుటకు చోటు చాలక, గొట్టము సన్నగిలు తావున అడ్డుపడి, లోపలి ఒత్తిడి మిక్కిలి పెరుగును. మా మామకు జరిగినది ఇదియే. తూటా దిగినంత మాత్రమున అమరినదని తలపరాదు.

మూడవ అంకె రవ బరువు. 36, 32, 30, 28, 24, 21 గ్రాములని యుండును. పాత పెట్టెలపై ఔన్సులలో నుండును. ఒక ఔన్సు 28 గ్రాములకు కొంచె మెక్కువ. మన పాత తులములో చెప్పినచో 28 గ్రాముల రవ రెండు తులముల నాలుగు పదవ వంతులు. 21 గ్రాముల రవ రెండు తులములకు తక్కువ.

నాలుగవ అంకె రవ పరిమాణము. అంకె పెరిగినకొలది రవ చిన్నదగును. విలాయతి లెక్కలో 6వ నంబరు రవ అడ్డుకొలత 2.6 మిల్లీమీటర్లు, ఔన్సునకు 270 రవలు. 7వ నంబరు 2.4 మిల్లీమీటర్లు, ఔన్సునకు 340 రవలు. అమెరికా లెక్క వేరు. వారి ఏడున్నర మన 7వ నంబరుతో సమానము. కనుక నంబరును మాత్రమే నమ్మక మిల్లీమీటర్లు చూడవలెను. ఎస్.జి., ఎల్.జి. అను అక్షరము లున్నచో అవి పెద్ద గుండ్లు, ఔన్సునకు ఎస్.జి. గుండ్లు 8, ఎల్.జి. గుండ్లు 6 మాత్రమే తూగును.

తేలిక తూటావలన లాభము

తేలిక తూటా యనిన చేతకాని తూటా యని భ్రమపడకుడు. రవ బరువు తగ్గినంత మాత్రమున ప్రతి రవయొక్క వేగము తగ్గదు. రవల సంఖ్య మాత్రమే తగ్గును. 7వ నంబరు రవ 28 గ్రాములలో సుమారు 335 ఉండగా, 21 గ్రాములలో సుమారు 250 ఉండును. ఒలింపిక్ పందెములలో ఎగురు మట్టిపళ్లెములను కొట్టువారికి విధింపబడిన పరిమితి 24 గ్రాములు. హైదరాబాదు వాస్తవ్యుడైన కైనన్ చెనాయ్ 2016లో రియో నగరమున జరిగిన ఒలింపిక్ పందెములలో పాల్గొనినదియు, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో కంచు పతకము గెలిచినదియు ఇట్టి తేలిక తూటాలతోడనే. మెరుపువలె ఎగురు పళ్లెమును పగులగొట్టుటకు చాలినది పిట్టల బెదరింపునకు చాలదా?

రెండవ లాభము తుపాకికిని భుజమునకును. ఇంగ్లండు దేశపు తుపాకి పనివారిలో పూర్వపు సూత్ర మొకటి కలదు: తుపాకి బరువు, రవ బరువునకు 96 రెట్లు ఉండవలెను. ఆ లెక్కను 28 గ్రాములకు సుమారు 2 కిలోల 700 గ్రాములు, 32 గ్రాములకు 3 కిలోలకు కొంచెము ఎక్కువ, 36 గ్రాములకు సుమారు మూడున్నర కిలోల తుపాకి కావలెను. మీ తుపాకిని ఒకసారి త్రాసులో వేసి చూడుడు. తేలిక తుపాకిలో బరువు తూటా వేసినచో భుజము దెబ్బతినును, కీళ్లు వదులగును, కుందా పగులును. కుందా మార్పించు ఖర్చుతో పోల్చినచో తూటాలో మిగులునని తలచినది లెక్కలోనికి రాదు.

మూడవ లాభము ధర. ఇచ్చట అతిశయోక్తి చేయను. నూరు తూటాలకు 28 గ్రాముల చొప్పున 2 కిలోల 800 గ్రాముల సీసము పట్టును. 21 గ్రాముల చొప్పున 2 కిలోల 100 గ్రాములు. అనగా సీసములో నాలుగవ వంతు మిగులును. కాని డొల్ల, టోపీ, బిరడా, కూలి, పన్ను తగ్గవు గదా! కనుక తూటా ధరలో నాలుగవ వంతు తగ్గునని ఆశింపకుడు. రెండు రకముల ధరలును అడిగి పోల్చుడు. అంగడివాని వద్ద 21 గ్రాములవి లేనిచో 24 గాని, 28 గాని గ్రాములవి కొనుడు. అంతకు మించినవి పిట్టల కాపునకు అక్కరలేదు.

ఏ పనికి ఏ తూటా?

పంటకాపులో తుపాకి చేయు పని నూటికి తొంబదిపాళ్లు మ్రోత మాత్రమే. మ్రోత పుట్టునది మందువలన, సీసమువలన కాదు. తేలిక తూటా మ్రోతకును, బరువు తూటా మ్రోతకును పిట్టకు తెలియునంత భేదము లేదు. కాని కాల్చిన సీసము ఎక్కడనో పడవలెను గదా! చిన్న రవ గాలిలో త్వరగా వేగము కోల్పోవును. 7వ నంబరు రవ మిక్కిలి దూరము పోయినను ఇంచుమించు 200 మీటర్లలో నేలపడును. ఎస్.జి. గుండు 600 మీటర్లు దాటి పోగలదు. బెదరించుటకై ఎల్.జి. తూటా కాల్చు రైతు తన చేనిని కాపాడుకొనుచు, కనబడని బాటమీద పోవు మనిషిని అపాయమునకు గురిచేయుచున్నాడు. సరకు కరవైనప్పుడు పెద్దగుండ్ల తూటాలే దొరకినను, వానిని బెదరింపునకు వాడకుడు. ఆ దినము ఒడిసెలతోను, డప్పుతోను సరిపుచ్చుకొనుడు.

అడవిపంది మాట వేరు. చిన్న రవ పందిని చంపజాలదు, గాయపరచును. గాయపడిన పంది పంటను విడిచినను మనిషిని విడువదు. కనుక తేలిక తూటాతో పందిని కొట్ట ప్రయత్నించుట క్రూరత్వము, అవివేకము గూడ. పందిని చంపుటకు చట్టప్రకారము అధికారుల లిఖితపూర్వకమైన అనుమతి కావలెను. అనుమతి లభించినప్పుడు తగిన గుండ్లతో, తగిన తుపాకితో, ఆ పని తెలిసినవారే చేయవలెను. అనుమతి కొరకు వేచియుండలేక చేను చుట్టు కరెంటు తీగ పరచువారును కలరు. ఆ తీగ పందిని, పసులకాపరిని వేరుగా నెరుగదు. దానివలన పోయిన ప్రాణములకు ఏ పంటయు వెల కాదు.

చట్టము

1959 నాటి ఆయుధ చట్టమునందు, నిజమైన పంటకాపునకు భరమారు తుపాకికిని, అది చాలదని అధికారికి తోచినచో నున్నని గొట్టముగల యితర తుపాకికిని లైసెన్సు ఇచ్చుటకు ఏర్పాటు కలదు. మీరు ఎన్ని తూటాలు కొనవచ్చునో, ఎన్ని దగ్గర నుంచుకొనవచ్చునో లైసెన్సులోనే వ్రాసియుండును. కరవు వచ్చునని భయపడి అంతకు మించి ప్రోగుచేయుట నేరము. పొరుగువానికి బదులిచ్చుటయు తగదు. అతని తుపాకి గది పొడవు మీ రెరుగరు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పక్షులను గూడ కాపాడుచున్నది. నెమలి మొదటి షెడ్యూలులోనిది. చిలుక ఎంత నష్టము చేసినను దానిని కొట్టరాదు. కావున పిట్టల గుంపుమీదికి గురిపెట్టక, మనుష్యులు, పసులు, ఇండ్లు లేని దిక్కునకు తుపాకి పట్టి మ్రోత మాత్రమే చేయవలెను. చెరువు మీదికిని కాల్చరాదు. నీట పడిన సీసపు రవను బాతులు గింజయని మ్రింగి చచ్చును. ఈ కారణముననే ఐరోపా సమాఖ్యలో 2023 ఫిబ్రవరి 15 నుండి చిత్తడినేలలందు సీసపు రవ నిషేధింపబడినది.

మరువరాని మాటలు

1. తూటా కొనబోవుటకు ముందు లైసెన్సుగల తుపాకి పనివానిచేత గది పొడవు కొలిపించి, ఆ అంకెను లైసెన్సు కాగితముతో కూడ ఉంచుకొనుడు. అంగడిలో మొదట ఆ అంకెనే చెప్పుడు.

2. గొట్టముపై నేతవలె, అలలవలె గీతలున్న పాత తుపాకులు అనేకము నల్లమందునకై చేయబడినవి. పొగలేని మందునకు పరీక్షింపబడిన ముద్ర లేనిచో, తేలికదైనను నేటి తూటా వానిలో వేయకుడు.

3. సీసము కరవై ఉక్కు రవ తూటాలు అమ్మకమునకు వచ్చినచో, పాత తుపాకిలో వాడకుడు. ఉక్కు కఠినమగుటచే గొట్టమును చెరచును.

4. 20 బోరు తూటాను 12 బోరు తూటాలతో కలిపి యొక సంచిలో నుంచకుడు. అది 12 బోరు తుపాకిలో ముందునకు జారి గొట్టములో దాగును. ఖాళీ యనుకొని వెనుక మరియొక తూటా వేసి కాల్చినచో గొట్టము ప్రేలును. తయారుచేయువారు 20 బోరు డొల్లకు పసుపురంగు వేయుట సాధారణముగా ఈ కారణముననే.

5. కాల్చిన డొల్లలలో మందు కూరి ఇంటివద్ద తూటాలు చేయ యత్నింపకుడు. పొగలేని మందు నల్లమందు వంటిది కాదు. కొలతలో కొంచెము తప్పినను ప్రాణము తీయును.

6. తూటాలను పొడిగా, చల్లగా నున్న తావున, తాళము వేసి, పిల్లలకు అందకుండ నుంచుడు. చెమ్మకు ఉబ్బినవానిని ఎండలోగాని పొయ్యివద్దగాని ఆరబెట్టి వాడకుడు. పాతవానిని ముందు, క్రొత్తవానిని వెనుక వాడుడు.

7. టోపీ పేలియు మ్రోత కొంచెముగా వచ్చినచో వెంటనే రెండవ తూటా వేయకుడు. తూటా తీసివేసి గొట్టములోనుండి వెలుతురు చూడుడు. బిరడా అడ్డుపడి యుండవచ్చును.

8. ప్రతి తూటాకు ముందు ఒడిసెల, డబ్బా, దిష్టిబొమ్మ, మెరయు పట్టీలు ప్రయత్నించుడు. ఒకేవేళకు, ఒకే చోటినుండి ప్రతిదినము కాల్చినచో పిట్టలు మ్రోతకు అలవాటుపడును. వేళయు తావును మార్చి అరుదుగా కాల్చిన తూటాయే ఫలించును.

మహాశయులారా, కరవు కాలమున విత్తనమును ఏరి వాడుదుము. నీటిని మడవ చూచి పారింతుము. తూటాను గూడ అట్లే చూడవలెను. పంటను కాపాడుట కొన్న తుపాకి పంటకాపరిని తినకూడదు. మా మేనమామ మిగిలిన జీవితమంతయు ఒక చెవితో జొన్నచేను కాచెను. మీలో నొక్కరైనను ఇంటికి పోయి, పెట్టెలోని తూటా పొడవును, తుపాకి గది పొడవును పోల్చి చూచినచో, నేడు మీ కాలము వ్యర్థపుచ్చలేదని సంతసింతును.